పెద్దాయన నోట ఆ పిలుపు

ఆ వీధి వెళ్ళి వెళ్ళి ఊబి దగ్గర ఆగిపోతుంది. ఇళ్ళన్నీ ఒకే వరుస. ముందు గుమ్మాలు వీధిలోకి, వెనక గుమ్మాలు ఊబివైపు. వెనక మెట్లు దిగితే కాస్త గట్టు, గట్టు దాటితే చెక్కబల్లలు పరిచిన సన్నటి దారి, ఆపైన తుంగ. పొడుగాటి మనిషి చెయ్యెత్తినా కనపడనంత తుంగ. దాని మొదట్లో ఏది నేలో ఏది బురదో తుంగ కోసేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళకీ ఒక్కోసారి తెలియదు.

ఆ ఊబిలో పెద్దాయన ఉంటాడు. పేరు పెట్టి ఎవరూ అనరు, పెద్దాయన అంటారంతే. బోర్లించిన పడవంత వీపు, వీపు నిండా నాచు, నాచు మీద కొంగలు. వీపు చూసినవాళ్ళు ఉన్నారు గానీ ముఖం చూసినవాళ్ళు లేరు. బయటినుంచి వచ్చినవాళ్ళు, "మనుషుల్ని తింటాడటగా?" అని గుసగుసగా అడుగుతారు. పడవ తాత తన పడవకి తారు పూసుకుంటూ తల కూడా ఎత్తడు.

"తినేది ఊబి, నాయనా. పెద్దాయనకి ఎంగిలి చాలు."

ఆ ఎంగిలి గొంతు. ఊబిలో దిగిపోయిన మనిషి ఆఖరున ఏ మాట అరిచాడో ఆ మాట పెద్దాయన నోట్లో ఉండిపోతుంది. రోజూ పొద్దు వాలేవేళకి అదే మాట, అదే గొంతు, అదే విరుపు. ఆ పిలుపు ఎవరికోసమో వాళ్ళు గట్టు మీదికి వెళ్ళి పలకాలి. "ఆఁ" అన్నా చాలు. అంతే, ఇక ఆ గొంతు మళ్ళీ వినపడదు. వీధిలో ఎవరి ఇంట పోయినా నాలుగు రోజులు విని, ఏడ్చి, పలికి వచ్చేస్తారు. అలా పలకకుండా ఉంచుకున్న ఇల్లు ఒక్కటే ఉంది. వరుసలో చివరిది, చాపలామె ఇల్లు.

పోయిన వానలకు ముందునుంచీ ఆ ఇంటి వెనకాల, కొంగలు గూళ్ళకి చేరే వేళకి, తుంగ లోపలినుంచి ఒక మగగొంతు పిలుస్తూనే ఉంది.

"తాడు పట్రావే!"

చాపలామె ఆ వీధికి కోడలిగా వచ్చినప్పుడు నీళ్ళంటే భయం. రాళ్ళనేల మీద పుట్టి పెరిగిన పిల్ల. వెనక గుమ్మం తీయమంటే కాళ్ళు వణికేవి. అత్తగారే దగ్గర కూర్చోబెట్టుకుని మగ్గం నేర్పింది. తుంగ ఎలా చీల్చాలో, ఏ ఎండకి ఎంత ఆరాలో, తడి చేత్తో పోగు ఎలా దోపాలో. "చేతికి పని తెలిస్తే కాళ్ళకి భయం పోతుందే" అనేది. నిజంగానే పోయింది. మొగుడు తుంగ కోసి తెచ్చేవాడు, ఆమె నేసేది, అత్తగారు అంచులు కుట్టేది. ముగ్గురి చేతులూ పడితేగానీ ఆ ఇంట చాప పూర్తయ్యేది కాదు.

అతను సరదా మనిషి. ఊబిలోకి దిగాడంటే చాలు, ప్రతి దానికీ ఆమెని పిలిచేవాడు. "కొడవలి మరిచిపోయానే!" అనేవాడు, చూస్తే నడుముకే ఉండేది. "పాము పామే!" అనేవాడు, పరుగెత్తుకెళ్తే నవ్వుతూ నిలబడి ఉండేవాడు. "ఏం లేదు, నువ్వు పలుకుతావా లేదా అని చూశా." ఆమె తిట్టేది, తిడుతూనే పలికేది. పక్కింటి దర్జీ పెళ్ళాం గోడమీదనుంచి తల పెట్టి, "పెద్దాయన వినీ వినీ విసిగిపోయి ఊబి ఖాళీ చేసి వెళ్ళిపోతాడేమో మీ సరసానికి" అనేది. ఆ దర్జీ పెళ్ళాన్ని వీధంతా వసపిట్ట అంటుంది. నోట్లో నువ్వుగింజ నానదు, కడుపులో మాత్రం కల్మషం లేదు. చాపలామెకి వరసకి వదిన.

ఇలా ఉండగా ఒక చాప దగ్గర మాట వచ్చింది.

ఆ చాప ఆమె అమ్మకానికి నేసింది కాదు. తమ మంచానికని, పనంతా అయ్యాక మిగిలిన పొద్దులో, సన్నటి తుంగ ఏరుకుని, ఎర్రటి అంచు వేసి చాలా రోజులు నేసుకుంది. అది మగ్గం మీదనుంచి దిగిన రోజే పడవ తాత వచ్చి, "ఎంత బాగుందిరా, నా నడుము నొప్పికి ఇలాంటిదే కావాలి" అన్నాడట. మొగుడు దాన్ని చుట్టచుట్టి తాత భుజాన పెట్టి పంపించేశాడు. ఆమె బజారునుంచి వచ్చి చూస్తే మంచం బోసిగా ఉంది.

"ఇంకోటి నేసుకుందువులే" అన్నాడు అతను. అదీ తప్పు. ఇవ్వడం ఒక తప్పు, ఆ మాట ఇంకో తప్పు.

ఆమె అలిగింది. అలకంటే అరుపులూ గిన్నెలు విసరడాలూ కాదు. మాట మానేసింది. అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు. అతను చేయని చేష్ట లేదు. "అమ్మా, ఉప్పు ఎక్కడుందో నీ కోడలు చెప్పట్లేదు, పెద్దాయన్ని అడిగి రానా?" అనేవాడు. ఆమెకి లోపల నవ్వొచ్చేది. పెదవి బిగించి మగ్గం వైపు తిరిగేది. పంతం అలాంటిది, పట్టినవాళ్ళకే తెలుస్తుంది దాని రుచి.

ఆ మిట్టమధ్యాహ్నం అత్తగారు ముందుగదిలో కునుకు తీస్తోంది. ఆమె వెనక గుమ్మం దగ్గరే మగ్గం ముందు కూర్చుని ఉంది. తాడు ఆమె తలకి కాస్త పైన, మేకుకి వేలాడుతోంది.

"తాడు పట్రావే!" అని వినిపించింది, తుంగలోంచి.

గొంతులో నవ్వుంది. 'మొదలుపెట్టాడు' అనుకుంది ఆమె. పోగు దోపింది.

"ఒసేయ్, తాడే!"

'కావాలంటే వచ్చి తీసుకెళ్తాడు.' ఇంకో పోగు దోపింది. సాయంత్రం ఇక మాట్లాడేద్దాం, పాపం, అని కూడా అనుకుంది. అలా అనుకుని తనలో తను నవ్వుకుంది. ఆ నవ్వే ఆమెకి తర్వాత గొంతులో ముల్లయింది.

"తాడు పట్రావే" అని మళ్ళీ పిలిచాడు. ఈసారి నవ్వు లేదు. ఆమె చేతులు ఆగాయి. ఒక్క క్షణం. అది కూడా నాటకమేననుకుంది.

తర్వాత పిలవలేదు.

ఎంతసేపటికో అనుమానం వచ్చి తాడు పట్టుకుని పరుగెత్తింది. బల్లల దారి చివర కొడవలి ఉంది. పక్కన కోసిన తుంగ మోపు ఉంది. అతను లేడు. బురద మీద బుడగలు కూడా లేవు.

గట్టు మీద జనం పోగయ్యారు. అత్తగారు నేలమీద కూలబడి, "నా కొడుకు పిలవలేదా? ఒక్క కేక కూడా వెయ్యలేదా? నువ్వు గుమ్మం దగ్గరే ఉన్నావు కదే అమ్మాయ్!" అని కోడలి చెయ్యి పట్టుకుంది.

ఆమె నోటివెంట వచ్చింది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"పిలిచారు అత్తమ్మా. పెద్దాయనేమో అనుకున్నా."

అబద్ధం నాలుక మీదనుంచి నేలమీద పడేలోపే పదిమంది దాన్ని పట్టుకున్నారు. "అయ్యో, ఎవరైనా అలాగే అనుకుంటారు తల్లీ" అన్నారు. "నీ తప్పేముంది" అన్నారు. వసపిట్ట ఆమె తలని గుండెకి హత్తుకుని భోరున ఏడ్చింది. పడవ తాత మాత్రం గడ్డం గోక్కున్నాడు.

"పెద్దాయన చచ్చినవాళ్ళ గొంతే కదా ఎత్తేది. బతికున్నవాడి గొంతని ఈ పిల్లకి ఎందుకు భ్రమ కలిగింది? పైగా మిట్టమధ్యాహ్నం?" కాసేపు ఆలోచించి తనే తేల్చాడు. "అంటే బతికున్నవాళ్ళ గొంతు కూడా నేర్చుకున్నాడన్నమాట. ఇదివరకెప్పుడో బతికున్నవాళ్ళలా పిలిచి మోసం చేసి ఉంటాడు, ఆ పిల్లకి ఆ భయం ఉంది. ఏమ్మా, అంతేనా?"

ఆమె తల ఊపింది. ఊ అనాల్సిన పని కూడా లేకపోయింది.

అలా వీధికి కొత్త కట్టుబాటు వచ్చింది. ఊబిలోంచి ఎవరు పిలిచినా వెళ్ళకూడదు. తుంగలోకి దిగే ప్రతివాళ్ళూ మెడలో ఒక రేకు ప్లేటు వేలాడేసుకోవాలి. సాయం కావాలంటే ప్లేటు కొట్టాలి. ప్లేటు చప్పుడు వింటే మనిషి, ఉత్త గొంతు వింటే పెద్దాయన. పిల్లలకి కూడా అదే చెప్పి పడుకోబెట్టడం మొదలుపెట్టారు. ప్లేటు వేసుకుని వెళ్తున్న మగవాళ్ళని చూసినప్పుడల్లా ఆమె కళ్ళు దించుకునేది. తన నోటిలోంచి వచ్చిన మాట రేకై వాళ్ళ మెడల్లో వేలాడుతున్నట్టు ఉండేది.

ఆ సాయంత్రాలు ఇంకో నరకం. అత్తగారు వెనక మెట్టు మీద పీట వేసుకుని కూర్చునేది, కొడుకు గొంతు కోసం. "పలక్కు అమ్మాయ్, నీకు పుణ్యముంటుంది. పలికితే పోతాడు. ఆ ఒక్క ముక్కే కదా మనకి మిగిలింది" అని బతిమాలేది. పిలుపు రాగానే ముసలి ముఖం వెలిగిపోయేది. "విన్నావా, ఎంత స్పష్టంగా అన్నాడో!" అనేది. కోడలు పక్కన కూర్చుని వినేది. పెద్దాయన ఎత్తుకున్నది మొదటి పిలుపు కాదు, ఆఖరిది. నవ్వు లేనిది. ఆ తేడా తెలిసిన మనిషి లోకంలో తనొక్కతే. దొంగకి తేలు కుట్టినట్టు, అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు.

తుంగ కోసేవాడు లేక మగ్గం ఆగిపోతే వసపిట్టే ఆదుకుంది. మొగుడు కుట్టుమిషను దగ్గర కూర్చుంటే ఈమె ప్లేటు మెడలో వేసుకుని తుంగలోకి దిగేది. "నాకోసమేం కాదులే, మా ఆయన టకటక వినలేక పారిపోయి వస్తున్నా" అనేది, మోపు గుమ్మంలో దించుతూ. చాపలామె ఆ తుంగతోనే నేసేది. ఆ చాప అమ్మగా వచ్చినదే తినేది.

ఒక మధ్యాహ్నం మగ్గం ముందు కూర్చుని ఉండగా వినిపించింది.

"ఒసేయ్ పిల్లా! జారిపోయానే! తాడు తేవే!"

ఆమె చేతిలో పోగు ఆగిపోయింది. ప్లేటు చప్పుడు లేదు. బయటికి వచ్చి చూస్తే అప్పటికే గట్టు మీద వీధిలో సగంమంది ఉన్నారు. దర్జీ మెడలో టేపు వేలాడుతుండగానే వచ్చేశాడు. అందరూ తుంగవైపు చూస్తున్నారు, ఒక్కరూ కదలడం లేదు.

"మొద్దుల్లారా! ప్లేటు బురదలో పడిపోయిందిరా! నేనేరా! ఏమయ్యా, నీ కత్తెర విరిగిపోనూ, అక్కడే నిలబడి చూస్తున్నావా?"

"అబ్బ, తిట్లు కూడా అచ్చం దించేశాడే" అన్నాడు పడవ తాత, ఒళ్ళు జలదరించి.

"మా ఆవిడైతే ప్లేటు కొడుతుంది" అన్నాడు దర్జీ. "నేనే కట్టాను పొద్దున, గట్టి దారంతో. అది కాదు. అది మా ఆవిడ కాదు." అంటూ రెండు చెవులూ మూసుకున్నాడు.

చాపలామె వెనక్కి వెళ్ళి మేకుమీద తాడు తీసింది. ఎవరో చెయ్యి పట్టుకుని ఆపబోయారు. విదిలించుకుంది. బల్లల మీద పరుగెత్తుతూ గొంతెత్తి అరిచింది.

"వస్తున్నా! తాడు తెస్తున్నా!"

బల్లలు దాటి తుంగ పాయలు తీసేసరికి వసపిట్ట చంకలదాకా దిగి ఉంది. రెండు చేతులతో తుంగ దుబ్బు పట్టుకుంది. ముఖం నిండా బురద, కళ్ళు మాత్రం తెల్లగా.

"వచ్చావా తల్లీ" అంది. అంతకంటే ఊపిరి లేదు.

తాడు చంకల కింద వేసి ముడి బిగించింది. చివరి బల్ల మీద పడుకుని లాగింది. లాగితే బల్లే ముందుకు జరుగుతోంది. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదది.

"వదినే ఇక్కడ! కళ్ళతో చూస్తున్నా! రండి, లాగండి!" అని గట్టువైపు అరిచింది.

గట్టు మీదనుంచి కదలిక లేదు. తుంగ అడ్డం, ఎవరూ కనపడరు. మాటలు మాత్రం గాలికి వస్తున్నాయి.

"ఇప్పుడు చాపలామె గొంతు కూడా ఎత్తాడు."

"పాపం, ఆ పిల్ల కూడా పోయింది."

"వెళ్ళకండి, ఎవరూ వెళ్ళకండి!"

ఆమెకి అప్పుడు తెలిసింది, తను వేసిన ముడి తన మెడకే వచ్చిందని. రమ్మన్నా పెద్దాయనే, చచ్చిపోతున్నామన్నా పెద్దాయనే. ఏ మాట అంటే మనిషని నమ్ముతారు? ఊబి విన్న మాటలే పెద్దాయన దగ్గర ఉంటాయి. ఊబి ఎప్పుడూ వినని మాట ఒక్కటే ఉంది. అది తన కడుపులో ఉంది.

తాడు మణికట్టుకి చుట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"పెద్దాయన బతికున్నవాళ్ళ గొంతు ఎత్తడు! ఎప్పుడూ ఎత్తలేదు! ఆ రోజు నేను అబద్ధం చెప్పా! పిలిచింది మా ఆయనేనని నాకు తెలుసు! మొదట నవ్వుతూ పిలిచాడు! చాప ఇచ్చేశాడని అలిగి పలకలేదు! తాడు నా తలమీదే ఉంది! తెలిసి కూర్చున్నా! నవ్వుకుంటూ కూర్చున్నా అత్తమ్మా!"

తాడు కొసన వసపిట్ట తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపు దాటి ఆమె ఇంకేమీ చూడలేకపోయింది.

అప్పుడు ముసలి గొంతు ఒకటి లేచింది, సన్నగా, ఆకురాయి మీద కొడవలి గీసినట్టు.

"అది నా కోడలే. వెళ్ళి లాగండి."

దర్జీ మొదట పరుగెత్తాడు. వెనక పడవ తాత, ఆ వెనక మిగతావాళ్ళు. బల్లల మీద వరసగా పడుకుని, ఒకరి కాళ్ళు ఒకరు పట్టుకుని లాగారు. ఊబి మెల్లగా, ఇష్టం లేనట్టు, ఒక చప్పుడుతో వదిలింది. ఒక చెప్పు, రేకు ప్లేటు దానికే వదిలేశారు. పెద్దాయన ఎక్కడో దూరాన వీపు తేల్చి మళ్ళీ ముంచాడని, కొంగలు ఒక్కసారిగా లేచాయని తర్వాత చెప్పుకున్నారు. ఆమె చూడలేదు.

గట్టు మీద ఎవరూ ఆమెని తిట్టలేదు. తిడితే బాగుండేది. పడవ తాత తన మెడలో ప్లేటు తీసి ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, పడవలోకి విసిరేశాడు. ఆ సాయంత్రమే ఆ ఎర్రంచు చాప చుట్టచుట్టి తెచ్చి ఆమె ముందు గుమ్మంలో నిలబెట్టి, పిలవకుండానే వెళ్ళిపోయాడు. దర్జీ పెళ్ళాన్ని దుప్పట్లో చుట్టి నడిపించుకు వెళ్తూ ఆమెకి దణ్ణం పెట్టబోయి, మధ్యలో చేతులు దించేశాడు. వసపిట్ట ఆమె పక్కనుంచే వెళ్ళింది. చావు అంచునుంచి కూడా వీధిని తిట్టిపోసిన మనిషి, ఆమె దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుని వెళ్ళిపోయింది.

పొద్దు వాలింది. అత్తగారు ఎప్పటిలాగే వెనక మెట్టు మీద పీట వేసుకుని కూర్చుంది. కోడలు మెట్టు కింద నిలబడింది. పక్కన కూర్చునే ధైర్యం చాలలేదు. కొంగలు గూళ్ళకి చేరాయి. కప్పలు మొదలుపెట్టాయి. తుంగ గాలికి ఊగి ఆగింది.

పిలుపు రాలేదు.

ముసలామె చాలాసేపు చెవి ఒగ్గి కూర్చుంది. చీకటి తుంగ మొదళ్ళలోకి దిగింది.

"పలికావా?" అంది చివరికి.

"వదిన కోసమని అరిచా అత్తమ్మా. తాడు తెస్తున్నా అని. ఆయనకి... అది చాలినట్టుంది."

"ఇన్నాళ్ళకి" అంది అత్తగారు.

తర్వాత చీర చెంగుతో మోకాళ్ళు కప్పుకుంది.

"ఆ చాప బాగానే నేశావు. ఎర్రంచుది. నిన్ను అడక్కుండా ఇచ్చేశాడేమిటా అని నాకూ కోపం వచ్చింది. వాడిది తప్పే. కానీ అమ్మాయ్, చాపే కదే అది."

లోపల గుమ్మం పక్కన మేకుకి తగిలించిన తాడునుంచి బురదనీళ్ళు బొట్లుబొట్లుగా గడప మీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మొదటిసారి పిలిచినప్పుడు ఎలా అన్నాడు?" అని అడిగింది అత్తగారు. "నేను నిద్రలో ఉన్నా. నాకు ఆఖరిదే తెలుసు. మొదటిది నీ ఒక్కదాని దగ్గరే ఉంది. అను."

"అత్తమ్మా..."

"అనవే."

ఆమె ఊబివైపు తిరిగింది. గొంతు సవరించుకుంది. "తాడు పట్రావే" అంది.

"అలా కాదు. నవ్వుందన్నావుగా."

మళ్ళీ అంది. నవ్వు రాలేదు, గొంతు బీటవారింది. మళ్ళీ ప్రయత్నించింది. మాట చివర అతను లాగే తీరు గుర్తుంది. అందులో నవ్వు ఎక్కడ మొదలయ్యేదో గుర్తుంది. నోటికి మాత్రం రావడం లేదు.

అత్తగారు పీట కాస్త పక్కకి జరిపి, మెట్టు మీద చోటు చేసింది. ముఖం మాత్రం తిప్పలేదు.

"ఇంకోసారి" అంది.